మూడు వాటాల లెక్క

(మన పాఠశాల ప్లాటినం జూబిలీ సందర్భంగా, బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో సమావేశమైన పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



జూబిలీ సంఘంవారు నన్ను నాలుగు మాటలు చెప్పమని కోరినప్పుడు పాఠశాల జ్ఞాపకాలే చెప్పమంటున్నారని భావించాను. "జ్ఞాపకాలు చెప్పడానికి చాలామంది సిద్ధంగా ఉన్నారండి. మీరు సైన్సు చెప్పండి, అదీ తెలుగులో చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు. ఆ రెండవ షరతు వినడానికి తేలికగానే ఉన్నది. కాని ఆఫీసులో ఇంగ్లీషు, వీధిలో కన్నడం, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ నలభై ఏళ్ళు గడిపినవాడు పరమాణు కేంద్రకాన్ని గురించి అరగంటసేపు తెలుగులో మాట్లాడాలంటే, ముందుగా తన తొమ్మిదవ తరగతి నోటుపుస్తకం వరకు వెనక్కు నడవవలసి ఉంటుంది. నేనూ నడిచాను. అక్కడ నాకొక పాత ప్రశ్న కనిపించింది. ఈనాటి ప్రసంగం ఆ ప్రశ్నను గురించినదే.

ఆ రోజు మా సైన్సు మాస్టారు నల్లబల్ల మీద సున్న చుట్టి, దాని నడుమ ఒక చుక్క పెట్టి, "ఇది పరమాణువు, ఈ చుక్క కేంద్రకం, ఇది కూడా పగులుతుంది" అన్నారు. వెనుక బెంచీ నుండి నేను లేచి, "పగలడం ఎవరు చూశారండీ?" అని అడిగాను. తరగతి అంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. "ఎవరూ చూడలేదురా. ముక్కలు ఏరి లెక్క కట్టారు" అన్నారు. ఎట్లా ఏరారో, ఏమి లెక్క కట్టారో ఆ రోజు ఆయన చెప్పలేదు, గంట కొట్టేశారు. ఆ జవాబులో మిగిలిపోయిన సగం నేను ఇవాళ పూర్తి చేయదలచుకున్నాను.

ఈ విషయాన్ని ఎంచుకోవడానికి మరొక చిన్న కారణం కూడా ఉన్నది. మన పాఠశాలకు ఇప్పుడు డెబ్బది ఐదేళ్ళు. నేను చెప్పబోయే ప్రయోగాల కథ 1953లో మొదలయింది. అంటే మన బడికి ఇంకా పెంకుటి కప్పు పడుతున్న రోజులలోనే, ప్రపంచానికి ఆవలి వైపున కొందరు కర్బన కేంద్రకంలో ఒక వింత స్థితిని వెదకుతున్నారన్నమాట.

ముందుగా పాత్రధారుల పరిచయం. రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు గట్టిగా ముడిపడి ఉన్న కణం ఆల్ఫా కణం. 1899లో రూథర్‌ఫర్డ్ దానికా పేరు పెట్టాడు. అది హీలియం పరమాణువు కేంద్రకమేనని తరువాత అతడే రుజువు చేశాడు. కర్బన కేంద్రకంలో ఆరు ప్రోటాన్లు, ఆరు న్యూట్రాన్లు ఉంటాయి. లెక్కకు అది మూడు ఆల్ఫాలు. అయితే మామూలు స్థితిలో కర్బనాన్ని మూడు ఆల్ఫాల కూడికగా భావించడం పూర్తిగా సరికాదు. ఉమ్మడి కుటుంబంలో ఎవరి సొత్తు ఏదో చెప్పలేనట్లే, అక్కడ ఏ ప్రోటాన్ ఏ ఆల్ఫాకు చెందినదో చెప్పలేము. దానికి తగినంత శక్తినిచ్చి ఉత్తేజపరిస్తే మాత్రం పరిస్థితి మారుతుంది. 7.65 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద కర్బనానికొక ఉత్తేజిత స్థితి ఉన్నది. ఆ స్థితిలో కేంద్రకం ఉబ్బి, మూడు ఆల్ఫాలు వదులుగా కలిసి ఉన్న గుంపుగా మారుతుంది. కర్బనం మూడు ఆల్ఫాలుగా విడిపోవడానికి కావలసినది 7.27 మాత్రమే. మిగిలిన 0.38 మిలియన్, అంటే 380 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, విడిపోయే ముగ్గురూ పంచుకోవలసిన ఆస్తి. ఈ 380 అన్న అంకెను దయచేసి గుర్తు పెట్టుకోండి. ప్రసంగమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఈ స్థితిని హాయిల్ స్థితి అంటారు. ఫ్రెడ్ హాయిల్ అన్న ఆంగ్ల ఖగోళ శాస్త్రజ్ఞుని పేరది. నక్షత్రాలలో హైడ్రోజన్ మండి హీలియం అవుతుందని అప్పటికే తెలుసు. హీలియం నుండి కర్బనం ఎలా పుడుతుందన్నదే చిక్కు. రెండు ఆల్ఫాలు కలిస్తే బెరీలియం-8 ఏర్పడుతుంది, కాని అది నిలవదు. సెకనును కోటి భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్ళీ వంద కోట్ల భాగాలు చేస్తే వచ్చేటంత కాలంలో విడిపోతుంది. ఆ లోపుననే మూడవ ఆల్ఫా వచ్చి తగలాలి. అమెరికాలో సాల్పీటర్ 1952లో ఈ మార్గాన్ని సూచించాడు. హాయిల్ లెక్క వేసి చూస్తే, ఈ మార్గాన పుట్టే కర్బనం చాలదని తేలింది. పుట్టిన కొద్దిపాటి కర్బనమూ ఇంకొక ఆల్ఫాను మింగి ప్రాణవాయువుగా మారిపోతుంది. అయినా లోకంలో కర్బనం సమృద్ధిగా ఉన్నది. కాబట్టి బెరీలియమూ ఆల్ఫా కలిసినప్పటి శక్తికి సరిపోయేలా, దాదాపు 7.7 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద కర్బనంలో ఒక స్థితి ఉండి తీరాలని అతడు వాదించాడు. నక్షత్రాలను చూసి కేంద్రకం లోపలి అంతస్తు ఎత్తు చెప్పడమన్నమాట.

1953లో అతడు కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ సంస్థకు వెళ్ళి, విలియం ఫౌలర్ పనిచేస్తున్న కెల్లాగ్ ప్రయోగశాలలో ఈ మాట చెప్పాడు. అక్కడివారికి నమ్మకం కలుగలేదు. అటువంటి స్థితి అంతకుముందు ప్రయోగాలలో కనిపించీ కనిపించక పోయినదే. అయినా వార్డ్ వేలింగ్ బృందం ప్రయోగానికి పూనుకున్నది. నైట్రోజన్ మీదికి డ్యూటెరాన్లను పంపి, వెలువడిన ఆల్ఫా కణాల శక్తిని అయస్కాంతం సాయంతో కొలిచారు. ఎంత శక్తి బయటికి రాలేదో అంత శక్తి వెనుక మిగిలిన కర్బనంలో నిలిచి ఉండాలి. లెక్క 7.68 వద్ద తేలింది.

స్థితి ఉన్నదని తెలిసింది సరే, అది నిజంగా మూడు ఆల్ఫాలుగా విడిపోతుందా? విడిపోగలదంటేనే, కలిసి ఏర్పడగలదని కూడా చెప్పవచ్చు. వచ్చిన దారినే పోవడమన్నది కేంద్రకాలకు వర్తించే నియమం. 1957లో అదే ప్రయోగశాలలో కుక్, ఫౌలర్, ఇద్దరు లారిట్సెన్లు ఈ సంగతి తేల్చారు. ఆ లారిట్సెన్లు తండ్రీకొడుకులు. బోరాన్-12 బీటా క్షయం చెంది కర్బనం అవుతుంది, అందులో కొంత ఈ ఉత్తేజిత స్థితిలో దిగుతుంది, దిగినది ఆల్ఫా కణాలుగా విచ్ఛిన్నమవుతుంది. వారు ఆ ఆల్ఫాలను పట్టారు. ఫౌలర్‌కు 1983లో నోబెల్ బహుమతి లభించింది. మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కు కూడా ఆ ఏడాదే వచ్చింది. హాయిల్‌కు రాలేదు. అది న్యాయం కాదని నా అభిప్రాయం. నా అభిప్రాయంతో స్వీడన్‌లో ఎవరికీ పని లేదనుకోండి.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. హాయిల్ స్థితిలో ఉన్న కర్బనం మూడు ఆల్ఫాలుగా విడిపోతుంది. ఎలా విడిపోతుంది? ముగ్గురూ ఒక్కసారిగా విడిపోతారా, లేక ముందు ఒకడు బయటికి పోయి, మిగిలిన ఇద్దరూ కొంతసేపు బెరీలియంగా కలిసి ఉండి, ఆ తరువాత విడిపోతారా?

మన గోదావరి డెల్టా ఊళ్ళలో పుట్టినవారికి వాటాల పంపకాలు కొత్త కాదు. ముగ్గురు అన్నదమ్ములు ఒకే రోజు పెద్దల సమక్షంలో పంచుకుంటే ముగ్గురికీ సమాన వాటాలు వస్తాయి. అలా కాక, ఒకడు ముందు వేరుపడి, మిగిలిన ఇద్దరూ కొంతకాలం కలిసి ఉండి తరువాత పంచుకుంటే వాటాలు మరో రకంగా ఉంటాయి. యాభై ఏళ్ళ తరువాత ఆ ఊరికి వెళ్ళినవాడు, పంపకం జరిగిన రోజున తాను లేకపోయినా, పొలం గట్లు చూసి ఏ పద్ధతిన పంచుకున్నారో చెప్పగలడు. కేంద్రకం విషయంలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. 380లో 288 మొదటి విడివడికి ఖర్చవుతుంది, మిగిలిన 92 బెరీలియం తన విడివడికి దాచుకుంటుంది. మొదటి విడివడిలో ఒకవైపు ఆల్ఫా, మరొకవైపు దానికి రెట్టింపు బరువున్న బెరీలియం. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం తేలికైనదానికి మూడింట రెండు వంతులు, అంటే 192 వస్తుంది. 380లో 192, అంటే దాదాపు సగం. ముందు వెళ్ళినవాడు సగం పట్టుకుపోతాడు. తక్కిన సగాన్ని మిగిలిన ఇద్దరూ తాము విడిపోయే దిక్కును బట్టి పంచుకుంటారు. ఒకనికి దాదాపు అంతా, మరొకనికి దాదాపు శూన్యం దక్కే సందర్భాలు కూడా ఉంటాయి. ధర్మశాస్త్రాలు ఒప్పుకోని పంపకమిది.

ముగ్గురూ ఒక్కసారిగా సమానంగా విడిపోతే ఒక్కొక్కరికి 127 వస్తుంది. కాబట్టి ముక్కలు మూడూ పట్టుకుని, ఒక్కొక్కదాని వాటా కొలిస్తే పంపకం ఎలా జరిగిందో తెలుస్తుంది. మా మాస్టారు చెప్పిన "ముక్కలు ఏరి లెక్క కట్టడం" ఇదే.

ఈ లెక్కను కళ్ళకు కట్టించే పటం ఒకటి ఉన్నది. డాలిట్జ్ అన్న శాస్త్రజ్ఞుడు 1953లోనే వేరొక కణాల విషయంలో దానిని కనిపెట్టాడు. సమబాహు త్రిభుజం గీయండి. లోపల ఎక్కడ చుక్క పెట్టినా, దాని నుండి మూడు భుజాలకు గల దూరాల మొత్తం ఒక్కటే. ఈ సిద్ధాంతాన్ని మన లెక్కల మాస్టారు బోర్డు మీద నిరూపించినప్పుడు ఇది ఎందుకు పనికివస్తుందా అని అనుకున్నవారిలో నేనూ ఒకణ్ణి. మూడు దూరాలను మూడు వాటాలనుకోండి. ఒక్కొక్క కేంద్రకం విచ్ఛిత్తికి ఒక్కొక్క చుక్క. ఇల్లాలు వాకిట్లో ముగ్గు చుక్కలు పెట్టినట్లు వేలాది చుక్కలు పెట్టుకుంటూ పోతే, వరుసగా జరిగిన పంపకాల చుక్కలన్నీ పెద్ద త్రిభుజంలో తలక్రిందులుగా ఇమిడిన చిన్న త్రిభుజపు భుజాల మీదనే పడతాయి. ఆ చిన్న త్రిభుజం నడుమ భాగం ఖాళీ వాకిలి. ఒక్కసారిగా సమానంగా పంచుకున్న సందర్భం మాత్రం ఆ వాకిలి నట్టనడుమ చుక్కగా పడుతుంది. కాబట్టి శాస్త్రజ్ఞుల ప్రశ్న ఇంతే: వాకిట్లో ఎన్ని చుక్కలు పడ్డాయి?

ఎన్ని పడితే ఏమి అని మీరు అడగవచ్చు. వాటాలు పంచుకున్న తీరును బట్టి ఇంట్లో కాపురం ఎలా సాగిందో ఊహించవచ్చు. మూడు ఆల్ఫాలు గొలుసులా వరుసగా ఉన్నాయని జపాన్ శాస్త్రజ్ఞుడు మోరినాగ 1956లో సూచించాడు. మూడూ ఒకే స్థితిలో, వాయువులా కలిసిపోయి ఉన్నాయన్న సిద్ధాంతం 2001లో వచ్చింది. వాకిట్లోని చుక్కల సంఖ్య ఇటువంటి ఊహలకు ఒక గీటురాయి. అంతేకాక, చల్లని నక్షత్రాలలో కర్బనం ఏ వేగంతో పుడుతుందన్న లెక్కకు కూడా దీనితో సంబంధం ఉన్నది.

ఇక ముక్కలు ఏరే పని. ముందుగా గాలి లేని చోటు కావాలి. ఇటువంటి ఆల్ఫా కణం గాలిలో కొద్ది సెంటీమీటర్లు పోయేసరికి అలసి ఆగిపోతుంది, పల్చని కాగితం అడ్డుపెట్టినా చాలు. అందువల్ల ప్రయోగం జరిగే గదిలోని గాలిని కోటవ వంతుకన్నా తక్కువకు తోడివేస్తారు. ఇక్కడ మన జిల్లాలో పుట్టిన ఒక మహనీయుని తలచుకోకుండా ముందుకు పోలేను. భీమవరం దగ్గరి గొరగనమూడిలో 1896లో జన్మించిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు గారు సన్యసించి, హిమాలయాలలో తపస్సు చేసి, స్వామి జ్ఞానానందగా ఐరోపాకు వెళ్ళి, కాషాయం విడువకుండానే భౌతికశాస్త్రం అభ్యసించారు. ప్రాగ్ నగరంలో ఎక్స్ కిరణాల మీద, ఆపైన లివర్‌పూల్‌లో న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ వద్ద కేంద్రక భౌతికశాస్త్రంలో పరిశోధన గావించారు. గాలిని తోడివేసే విద్య మీద 1947లో ఆంగ్లంలో ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. తరువాత విశాఖపట్నం వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర విభాగాన్ని నిర్మించారు. 1969లో దివంగతులయ్యారు. అక్కడి ప్రయోగశాలలకు వారి పేరే ఉన్నది. శూన్యాన్ని గురించి ధ్యానం చేసినవారు చాలామంది ఉంటారు. దానిని గాజు గొట్టంలో సాధించి, పీడనం కొలిచి, పుస్తకం వ్రాసిన స్వామిని నేనింకొకరిని ఎరుగను.

శూన్యం తరువాత పుంజం కావాలి. మన దేశంలో ఈ పనికి ముందు చెప్పుకోవలసినది కలకత్తాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ కేంద్రం. అక్కడి సైక్లోట్రాన్ నుండి తొలి పుంజం 1977లో వచ్చింది. ఆ యంత్రం ఆల్ఫా కణాలను వేగవంతం చేసి, పలుచని కర్బనపు రేకు మీదికి పంపుతుంది. ఢీకొన్న ఆల్ఫా కొంత శక్తిని కోల్పోయి పక్కకు పోతుంది, దెబ్బతిన్న కర్బనం ఉత్తేజితమై మూడు ఆల్ఫాలుగా విడిపోతుంది. ఢీకొన్నదానితో కలిపి నాలుగు ఆల్ఫాలు. ఈ నాలుగింటినీ ఒకే క్షణంలో, వేరువేరు చోట్ల, శక్తితో సహా పట్టుకోవాలి.

పట్టే వల సిలికాన్ పలక. ఇక్కడి నుండి మన ఎలక్ట్రానిక్ సిటీవారికి పరిచయమైన ప్రాంతంలోకి వస్తున్నాము. అరచేతిలో ఇమిడే పలుచని సిలికాన్ పలకకు ఒకవైపు నిలువు గీతలు, మరొకవైపు అడ్డ గీతలు ఉంటాయి. కణం తగిలినప్పుడు నిలువున ఒక గీత, అడ్డంగా ఒక గీత పలుకుతాయి. రెండూ కలిసే చోటే కణం పడిన గడి. సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్‌ను, అది విడిచిన ఖాళీని వేరుచేయడానికి 3.6 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. కాబట్టి 5 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ఆల్ఫా దాదాపు 14 లక్షల జతలను సృష్టిస్తుంది. 14 లక్షలంటే చాలా అనిపిస్తుంది గాని, ఆ మొత్తం విద్యుదావేశం ఒక కూలుంబులో లక్ష కోట్ల వంతులో నాలుగోవంతు కూడా ఉండదు. దానిని పెంచి, కొలిచి, ఏ క్షణాన వచ్చిందో నమోదు చేయాలి.

ఇటువంటి గీతల పలకలు మన బెంగళూరులో కూడా తయారయ్యాయన్న సంగతి మీలో కొందరికి తెలియకపోవచ్చు. జెనీవా వద్ద సెర్న్ ప్రయోగశాలలోని సి.ఎం.ఎస్. అనే మహా పరికరానికి కావలసిన సిలికాన్ పలకలలో సుమారు వేయింటిని భాభా అణు పరిశోధన కేంద్రం, ఈ నగరానికి ఆ చివర జాలహళ్ళిలో ఉన్న భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కలిసి తయారు చేశాయి. మనం కూర్చున్న ఈ చివర, హోసూరు రోడ్డు మీద, కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు గ్రామాల పొలాలలో 332 ఎకరాలు తీసుకుని 1978లో కియోనిక్స్ సంస్థ ఈ ఎలక్ట్రానిక్ సిటీని నెలకొల్పింది. ఆ సంస్థ అధిపతి ఆర్.కె. బాలిగా గారి కల ఇది. నేను వచ్చిన కొత్తలో ఇక్కడ భవనాలు తక్కువ, ఖాళీ స్థలం ఎక్కువ. చుట్టుపక్కల ఊళ్ళలో తెలుగు వినిపించేది కాబట్టి బెంగ అనిపించలేదు.

కేంద్రక భౌతికశాస్త్రం చదివినవాడు ఎలక్ట్రానిక్స్‌కు ఎందుకు వచ్చాడని అడిగేవారికి నేను చెప్పే కథ ఒకటున్నది. పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజులలో, ఎక్కడన్నది ఇక్కడ అవసరం లేదు, ఆల్ఫా కణాల శక్తిని కొలిచే చిన్న ప్రయోగం చేస్తున్నాను. రేఖాపటంలో ఎవరూ చెప్పని చోట ఒక చిన్న గుట్ట లేచింది. వారం రోజులు చూశాను, గుట్ట పెరిగింది. రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు. మూడు వారాలు గడిచేసరికి రెండు పుటల వ్యాసం వ్రాసి, మా ఆచార్యులకు ఇవ్వడానికి సిద్ధం చేశాను. ఆ సాయంత్రం అటెండరు టీ గ్లాసు బల్ల మీద పెడుతూ, "బాబూ, మేడ మీద నీళ్ళ మోటారు వేసినప్పుడల్లా మీ మిషను లెక్క గబగబా పెరుగుతోంది, చూసుకున్నారా?" అన్నాడు. చూసుకోలేదు. మోటారు ఆపించి రెండు రోజులు కొలిచాను. గుట్ట లేదు. నా పరికరానికి ఎర్తింగ్ నేనే సరిగా ఇవ్వలేదు. ఆ రెండు పుటలు చించివేశాను గాని, ఆ టీ గ్లాసు ఇప్పటికీ కళ్ళ ముందు ఉన్నది. అప్పటి నుండి కణం కన్నా, కణం వచ్చిందని చెప్పే పరికరం మీదనే నాకు ఆసక్తి ఎక్కువయింది. బ్రతుకుతెరువు కూడా అదే అయింది.

ఈ సొంత గొడవ ఎందుకు చెప్పానంటే, వాకిట్లో చుక్కల లెక్కలో కూడా ఇదే ప్రమాదం పొంచి ఉన్నది. రెండు ఆల్ఫాలు ఒకే పలక మీద పక్కపక్క గీతలలో పడ్డాయనుకోండి. ఏ నిలువు గీతను ఏ అడ్డ గీతతో జతచేయాలో పొరపడితే, ఒకని వాటా మరొకని ఖాతాలో పడుతుంది. లేదా అసలు సంబంధమే లేని నాలుగవ కేంద్రకం నుండి వచ్చిన ఆల్ఫా అదే క్షణంలో వచ్చి తగలవచ్చు. ఇటువంటి ప్రతి పొరపాటూ చుక్కను త్రిభుజపు గీత మీద నుండి జరుపుతుంది. జరిగిన చుక్కలలో కొన్ని వాకిట్లో పడతాయి. అప్పుడది నిజమైన చుక్కా, మోటారు చుక్కా?

చరిత్రను సులభంగా చెప్పడానికి, పదివేల విచ్ఛిత్తులకు ఎన్ని చుక్కలు వాకిట్లో పడ్డాయని లెక్క వేద్దాము. 1994లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు మార్టిన్ ఫ్రీర్ బృందం, 400కు మించవని చెప్పింది. 2011లో ఇటలీలోని కటానియా నగరంలో జరిగిన ప్రయోగం నుండి 1700 అన్న ఫలితం వచ్చింది. పెద్ద అలజడి. నూటికి 17 కేంద్రకాలు మధ్యలో బెరీలియం లేకుండా ఒక్కసారిగా విడిపోతాయంటే, కర్బనం పుట్టుక లెక్కలు కూడా తిరిగి చూసుకోవలసిందే. మరుసటి ఏడాది మరొక బృందం 50కి మించవని ప్రకటించింది. 2013లో మన కలకత్తా బృందం ఫలితం వెలువడింది: 91. మించవని చెప్పడం కాదు, ఉన్నాయని, ఇన్ని ఉన్నాయని చెప్పడం. 2017లో రెండు బృందాలు పక్కపక్కనే రెండు వ్యాసాలు ప్రచురించాయి. ఒకటి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుండి, రెండవది మళ్ళీ ఆ కటానియా నుండే. రెండవవారు వాడిన పద్ధతి, 1953లో వేలింగ్ వాడిన నైట్రోజన్, డ్యూటెరాన్ల పద్ధతే. ఇద్దరూ చెప్పినది ఒక్కటే: పదివేలకు అయిదు కూడా ఉండవు.

ఇప్పుడు కలకత్తావారు ఏమి చేయాలి? తమ 91ని సమర్థించుకుంటూ వాదాలు వ్రాయవచ్చు. మౌనంగా వేరే విషయానికి వెళ్ళిపోవచ్చు. వారు మళ్ళీ కొలవడానికి కూర్చున్నారు. 2019లో ఆ బృందమే తన కొత్త ఫలితాన్ని ప్రచురించింది. నూటికి 0.019 కన్నా తక్కువ, అంటే పదివేలకు రెండు కూడా ఉండవని. అప్పటికి ప్రపంచంలో అంత బిగువైన పరిమితిని ఎవరూ సాధించలేదు. తమ పాత సంఖ్యను తామే దాదాపు యాభయ్యో వంతుకు దించారు. మోటారు గుట్టకు మూడు వారాలు మురిసినవానిగా, ఈ పని విలువ నాకు బాగా తెలుసు. కొత్త సంఖ్య కనుగొన్నవారికి చప్పట్లు దొరుకుతాయి. వాకిలి ఖాళీగా ఉన్నదని నిరూపించినవారికి చాలాసార్లు ఏమీ దొరకదు. అయినా ఈనాడు నక్షత్రాల లెక్కలు వేసేవారు ముందు బెరీలియం, తరువాత కర్బనం అన్న పాత మార్గాన్నే నిశ్చింతగా వాడుకోగలుగుతున్నారంటే, అది ఈ ఖాళీ వాకిలి మూలాననే.

ఒక మాట మిగిలింది. హాయిల్ స్థితికి చేరిన ప్రతి కర్బనమూ విడిపోతే లోకంలో కర్బనమే ఉండదు కదా అని వెనుక వరుసలోని అమ్మాయి ఇందాక విరామంలో నన్ను అడిగింది. ఆ అమ్మాయి మనలో ఎవరి కూతురో తెలియదు గాని, ప్రశ్న మాత్రం వెనుక బెంచీ సంప్రదాయానికి తగినదే. జవాబు ఇది. పదివేలలో దాదాపు నాలుగు మాత్రం విడిపోవు. అవి తమ అదనపు శక్తిని ఎక్కువగా గామా కిరణాల రూపంలో వదిలివేసి, మామూలు కర్బనంగా స్థిరపడతాయి. పది కోట్ల డిగ్రీల వేడిలో ఉడుకుతున్న నక్షత్ర గర్భంలోనూ ఇదే నిష్పత్తి. రెండున్నర వేలు కలిస్తే ఒకటి నిలుస్తుంది. అలా నిలిచిన కర్బనం వెంటనే ప్రాణవాయువుగా మారిపోకుండా ఉండడానికి మరొక యాదృచ్ఛికం తోడయింది. ప్రాణవాయు కేంద్రకంలో 7.12 వద్ద ఉన్న స్థితి, కావలసిన 7.16కు కొంచెం దిగువన పడి, తలుపు పూర్తిగా తెరుచుకోనివ్వలేదు. మన శరీరపు బరువులో నూటికి పద్దెనిమిది పాళ్ళు కర్బనమే. అరవై కిలోల మనిషిలో పదకొండు కిలోలు. అదంతా ఆ రెండున్నర వేలకొకటి లెక్కన నిలిచినదే.

ఈ నాలుగు అన్న అంకె కూడా నిశ్చింతగా కూర్చోలేదు. 2020లో ఆస్ట్రేలియా, నార్వే శాస్త్రజ్ఞుల కొలత, అది నాలుగు కాదు, ఆరుకు పైగా ఉండాలన్నది. కర్బనం పుట్టే వేగం 34 శాతం పెరగాలని దాని అర్థం. 2021లో జపాన్ నుండి, తరువాత ఇతర ప్రయోగశాలల నుండి వచ్చిన కొలతలు పాత నాలుగునే సమర్థించాయి. మళ్ళీ మళ్ళీ కొలుస్తూనే ఉన్నారు.

ఈ ప్రసంగం కోసం నేను ఇంట్లో కంప్యూటరు మీద లెక్క కట్టి, అయిదువేల విచ్ఛిత్తుల ముగ్గు ఒకటి అచ్చు తీయించాను. నిజమైన ప్రయోగం కాదు, కొలతలో సహజంగా ఉండే కొద్దిపాటి తప్పును కలిపి లెక్కించినది. వాకిట్లో ఒక్క అసలు చుక్క కూడా వేయలేదు. అయినా అక్కడ పదమూడు కనిపిస్తాయి. పటం ద్వారం పక్క బల్ల మీద ఉన్నది. పిల్లలు భోజనాలకు వెళ్ళేముందు ఆ పదమూడూ ఎక్కడి నుండి జరిగి వచ్చాయో చూడండి, మాస్టార్లను అడగండి, వారు చెప్పలేకపోతే నన్ను అడగండి.